అదను, పదును, దమ్ము: గోదావరి డెల్టాలో వరి మోళ్ళ కలియదున్నకం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వరి కోసిన తరువాత చేలో మిగిలే మోళ్ళను నేలలో కలపడం గోదావరి డెల్టా వ్యవసాయంలో తరతరాలుగా సాగుతున్న పని. కర్ర నాగలి, కాడి, పశువులు ప్రధాన సాధనాలుగా ఉన్న కాలంలో ఈ పని ఎలా జరిగేది, ఇప్పుడు అదే పొలంలో గడ్డికి నిప్పు పెట్టే స్థితి ఎందుకు వచ్చింది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం, మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగాలు, సాంద్ర వ్యవసాయ జిల్లా పథకం, దాళ్వా విస్తరణ, కోతయంత్రాల రాక అనే దశల క్రమంలో ఈ మార్పును వివరిస్తుంది. పాత పనిముట్లు ఒంటరిగా మోళ్ళను పూడ్చలేదనీ, వాటికి కాలం, తేమ, పశువు తోడయ్యాయనీ, ఆ మూడూ ఒక్కొక్కటిగా తొలగిన తరువాతే పనిముట్టు మీద మోయలేని భారం పడిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గోదావరి డెల్టా, వరి మోళ్ళు, దమ్ము, నాగలి, పచ్చిరొట్ట, దాళ్వా, కౌలు.

1. ఉపోద్ఘాతం:

గోదావరి డెల్టా చరిత్ర అనగానే ఆనకట్ట, కాలువలు, కాటన్ దొర గుర్తుకు వస్తారు. నీరు ఎలా వచ్చిందో చెప్పే రచనలు మనకు చాలా ఉన్నాయి. పండిన పంట ఎటు వెళ్ళిందో చెప్పే రచనలూ ఉన్నాయి. పంట వెళ్ళిపోయిన తరువాత చేలో మిగిలిన దాని గురించిన చర్చ మాత్రం తక్కువ. కోత తరువాత మిగిలే మోడు పన్ను లెక్కకు రాదు, బజారులో ధర పలకదు. అందువల్ల పాలకుల దస్తావేజులకైనా, వర్తకుల పద్దులకైనా అది పట్టవలసిన విషయం కాలేదు. కానీ మరుసటి పంటకు నేల ఎలా సిద్ధపడుతుందనే ప్రశ్నకు సమాధానం ఆ మోడు దగ్గరే మొదలవుతుంది.

ఇటీవలి కాలంలో ఈ విషయం వేరే దారిలో చర్చకు వచ్చింది. యంత్రంతో కోసిన వరిపొలాల్లో గడ్డిని తగులబెట్టడం ఉభయగోదావరి ప్రాంతాల్లోనూ కనిపిస్తున్నది. దీనికి బదులుగా మోళ్ళను కలియదున్నమని వ్యవసాయ శాఖ, శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు. ఈ సూచనతోపాటు "పూర్వం మన పెద్దలు చేసినట్లే" అనే మాట కూడా తరచుగా వినిపిస్తుంది. పూర్వం పెద్దలు ఏం చేశారు? ఏ పనిముట్టుతో, ఎంత గడువులో, ఎంత గడ్డిని నేలలో కలిపారు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియకుండా పాత పద్ధతిని ఆదర్శంగా చూపితే, నేటి రైతు చేతకానితనమో అజ్ఞానమో ఈ మంటకు కారణమన్న అపోహ కలుగుతుంది. ఆ అపోహను పరిశీలనకు పెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదజాలం చెప్పే సాక్ష్యం:

వ్రాతపూర్వక ఆధారాలు తక్కువగా ఉన్న పనులకు భాషే తొలి ఆధారం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయింపబడింది. వృత్తిపదాలను ప్రాంతాలవారీగా సేకరించిన ఆ కృషి, ఒకే పనికి తెలుగునేల మీద ఎన్ని పేర్లున్నాయో చూపింది. నాగలినే తీసుకుంటే కోస్తాలో నాగలి, రాయలసీమలో మడక. ఎద్దులతో కలిపి చెప్పేటప్పుడు అరక. నీళ్ళు పెట్టి నేలను బురదగా కలియదున్నడాన్ని గోదావరి జిల్లాల్లో దమ్ము చేయడం అంటారు. తెలంగాణలో దీనికి కరిగెట అనే మాట ఉంది.

కోత తరువాత మిగిలే భాగానికి మోడు, దుబ్బు, కొయ్యకాలు అనే పేర్లున్నాయి. కోసి తీసిన భాగం మాత్రం గడ్డి. ఈ భేదం ముఖ్యమైనది. వ్యవహారంలో మోడు చేనుకు చెందినది, గడ్డి ఇంటికి చెందినది. కోసి, పనలు ఆరబెట్టి, కట్టలు కట్టి, కుప్ప వేసి, కళ్ళంలో నూర్చిన తరువాత గింజ గాదెకు, గడ్డి మేటుకు చేరేవి. గడ్డిమేటు ఎత్తు చూసి ఆ ఇంటి పశుసంపదను అంచనా వేసేవారు. కాబట్టి పూర్వం నేలలో కలియదున్నినది ప్రధానంగా మోడునే. గడ్డిని దున్నడమన్నది పశువు నోటి ముందున్న మేతను మట్టిలో పోయడంతో సమానం. అది వాడుకలో లేని పని కనుకనే దానికి ప్రత్యేకమైన పేరు కూడా స్థిరపడలేదు.

మరో రెండు పదాలు ఇక్కడ గమనించదగినవి. అదను అంటే పనికి తగిన కాలం. పదును అంటే దున్నడానికి నేలలో ఉండవలసిన తగినంత తేమ. కర్రుకు చెప్పే పదునూ, నేలకు చెప్పే పదునూ ఒకే మాట కావడం ఆలోచింపజేస్తుంది. కర్రు ఎంత వాడిగా ఉన్నా నేలలో పదును లేకపోతే సాలు సాగదు. అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అనే సామెత ఈ రెండింటినీ జంటగా నిలిపింది. పనిముట్టు ప్రస్తావన లేకుండా సేద్యాన్ని నిర్వచించిన సామెత ఇది. పాత వ్యవసాయంలో బలం ఎక్కడ ఉందో ఈ సామెత నుంచే అవగతమవుతుంది.

3. ఆనకట్ట తరువాతి డెల్టా - ఒక పంట క్రమం:

సర్ ఆర్థర్ కాటన్ ప్రణాళికపై ధవళేశ్వరం వద్ద 1847లో మొదలైన ఆనకట్ట పని 1852 నాటికి పూర్తయింది. క్రమంగా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా సుమారు 10 లక్షల ఎకరాలకు కాలువ నీరు అందింది. ఈ నీటితోపాటు వరద కాలంలో నది మోసుకొచ్చే ఒండ్రు కూడా కొంత పొలాలకు చేరేది. నేల సారానికి ఒండ్రు ఒక ఆధారం, పశువుల ఎరువు రెండో ఆధారం, మోళ్ళు మూడో ఆధారం.

కాలువల తొలి దశలో డెల్టాలో ఎక్కువ భాగం సార్వా ఒక్కటే వరి పంట. జూన్‌లో కాలువకు నీరు, ఆకుమడులు, దమ్ము, ఊడ్పులు. మార్గశిరం, పుష్యం నాటికి కోతలు. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు వంటి పాత రకాలు ఎక్కువ కాలం తీసుకునేవి. కోత డిసెంబరు, జనవరి దాకా సాగేది. తరువాత మళ్ళీ వరికి దమ్ము చేసేది జూన్, జులై నెలల్లో. అంటే మోడు మీద కొడవలి పడిన నాటి నుంచి నాగలి పడే నాటికి సుమారు అయిదారు నెలల గడువు ఉండేది.

ఈ గడువు ఖాళీ కాలం కాదు. కోతకు కొద్ది రోజుల ముందే వరిచేలో పిల్లిపెసర, మినుము వంటివి చల్లేవారు. వరి కింద మిగిలిన తేమతోనే అవి మొలిచి పెరిగేవి. పిల్లిపెసర పశువుకు మేత, నేలకు పచ్చిరొట్ట. పప్పుజాతి మొక్క కనుక దాని వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి. పశువులను చేలోకి తోలినప్పుడు అవి మేస్తూ మోళ్ళను తొక్కేవి, పేడ వేసేవి. మాఘ, ఫాల్గుణాల మంచుకు, తరువాతి ఎండకు మోడు పెళుసై విరిగేది. వేసవిలో నల్లరేగడి, ఒండ్రు నేలలు బీటలు వారినప్పుడు చితికిన మోడు కొంత ఆ బీటల్లోకే జారేది. తొలకరి జల్లులతో అది నానేది. ఏరువాక పున్నమికి కాడి కట్టే సమయానికి నాగలి ముందున్నది పచ్చి మోడు కాదు, సగం మట్టిగా మారిన మోడు.

4. నాగలి చేయగలిగినది, చేయలేనిది:

కర్ర నాగలి నిర్మాణాన్ని గమనిస్తే ఈ క్రమం ఎంత అవసరమో తెలుస్తుంది. మేడి, నొగ, నాగలి దుంప, దాని కొసకు ఇనుప కర్రు - ఇవే దాని ప్రధానాంగాలు. కర్రు నేలను చీల్చుతుంది, మట్టిని తిరగవేయదు. సాలు ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో పడుతుంది. రెండు సాళ్ళ మధ్య దున్నని మట్టి కొంత మిగులుతుంది కనుక అడ్డంగా మళ్ళీ దున్నవలసి వస్తుంది. మట్టిపెళ్ళను బోర్లా తిప్పి మోడును అడుగున వేయడానికి ఒక పక్క వంపు తిరిగిన రెక్క కావాలి. ఆ రెక్క కర్ర నాగలికి లేదు. అంటే పాత నాగలి ఏ అర్థంలో చూసినా పంట అవశేషాన్ని "పూడ్చే" పనిముట్టు కాదు.

పూడ్చే పని చేసినది దమ్ము. పొలంలో రెండు మూడు అంగుళాల నీరు నిలిపి, మళ్ళీ మళ్ళీ దున్ని, చివరకు బల్ల తోలి చదును చేస్తారు. ఈ క్రమంలో నాగలి మోడును వేళ్ళతో కదిలిస్తుంది, పశువుల గిట్టలు దాన్ని అడుసులోకి తొక్కుతాయి, బల్ల పైన మట్టి కప్పుతుంది. డెల్టా పల్లపు చేలలో ఎద్దులతోపాటు దున్నపోతులను కూడా దమ్ముకు కట్టేవారు. బరువైన శరీరం, వెడల్పు గిట్టలు, బురదలో నిలదొక్కుకునే స్వభావం వాటికి ఉన్నాయి. ఈ దృష్టితో చూస్తే గిట్ట కూడా ఒక పనిముట్టే. నాగలి, గిట్ట, బల్ల కలిసి ఒకే పనిని పంచుకున్నాయి.

తొలి దున్నకానికీ చివరి దమ్ముకూ మధ్య ఎడం ఇవ్వడం మరో ముఖ్యాంశం. మొదటి నీటికి ఒకసారి దున్ని, మోడు మురగడానికి కొన్నాళ్ళు వదిలి, తరువాత దమ్ము పూర్తి చేసేవారు. ఈ ఎడానికి గల కారణాన్ని నేటి నేల శాస్త్రం వివరిస్తుంది. వరి గడ్డిలో నత్రజనితో పోలిస్తే కర్బనం అనేక రెట్లు ఎక్కువ. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమ పెరుగుదలకు నేలలోని నత్రజనిని తీసుకుంటాయి. ఆ సమయంలో నాటిన పైరు పసుపు రంగుకు తిరుగుతుంది. నీరు నిలిచి గాలి అందని నేలలో పచ్చి గడ్డి కుళ్ళితే సేంద్రియ ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడు పుట్టి లేతవేళ్ళకు హాని చేస్తాయి. మీథేన్ వాయువు కూడా ఎక్కువగా వెలువడుతుంది. ఊడ్పులకు రెండు మూడు వారాల ముందే కలియదున్నితే ఈ హాని తగ్గుతుంది. పాత రైతు ఈ కారణాలను ఈ మాటల్లో చెప్పకపోయినా అదను అనే ఒక్క మాటలో వాటిని పాటించాడు.

5. సంస్కరణల కాలం:

పందొమ్మిదో శతాబ్ది రెండో భాగంలో పాలకుల దృష్టి పనిముట్టు మీద పడింది. మద్రాసు గవర్నరు సర్ విలియం డెనిసన్ 1863లో ఇంగ్లండు నుంచి ఆవిరి నాగళ్ళు, ఇతర యంత్రాలు తెప్పించడానికి చొరవ తీసుకున్నాడు. 1865లో మద్రాసు సమీపంలోని సైదాపేటలో ప్రయోగ క్షేత్రం ఏర్పడింది. గోదావరి జిల్లా మద్రాసు రాజధానిలో భాగమే కనుక అక్కడి ఆలోచనలు ఇక్కడి విధానానికీ వర్తించాయి. ఆవిరి నాగలి మద్రాసు రైతు పొలంలో నిలదొక్కుకోలేదు. చిన్న కమతాలకు, గట్ల మధ్య తడి పొలాలకు దాని బరువుతోనూ ఖర్చుతోనూ పొత్తు కుదరలేదు.

భారత వ్యవసాయాన్ని పరిశీలించడానికి వచ్చిన జాన్ అగస్టస్ వోల్కర్ 1893 నాటి నివేదికలో వేరొక దృష్టిని ప్రదర్శించాడు. దేశీయ పనిముట్లు రైతు పరిస్థితులకు తగినవేనని ఆయన గుర్తించాడు. వంటచెరకు లేక పేడను పిడకలుగా కాల్చడం వల్ల నేలకు చేరవలసిన ఎరువు పొయ్యి పాలవుతోందని కూడా చెప్పాడు. సమస్య నాగలిలో కంటే చుట్టూ ఉన్న ఆధారాల కొరతలో ఉందన్నది ఆ పరిశీలన సారం. తరువాత ఆల్బర్ట్ హోవర్డు, యశ్వంత్ వాడ్ కలిసి 1931లో ప్రకటించిన ఇండోర్ పద్ధతి, పంట వ్యర్థాలనూ పశువుల పేడనూ పొరలుగా పేర్చి కంపోస్టు చేయడం నేర్పింది. గడ్డిని పచ్చిగా పొలంలో కలపడం కంటే బయట కుళ్ళబెట్టి తిరిగి పొలానికి చేర్చడం మేలన్న సూత్రం అందులో ఉంది. డెల్టా ఇంటి దొడ్డిలోని పెంటపోగు ఇదే సూత్రానికి అంత శాస్త్రీయం కాని రూపం.

డెల్టాలోనే పరిశోధన కేంద్రాలు వచ్చాయి. సామర్లకోట వ్యవసాయ పరిశోధన కేంద్రం 1902లో, మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1925లో ఏర్పడ్డాయి. ఇరవయ్యో శతాబ్దిలో వ్యవసాయ శాఖ పచ్చిరొట్టను విస్తృతంగా ప్రచారం చేసింది. జనుము, జీలుగ, పిల్లిపెసర పైర్లను పూత దశలో కలియదున్నమని చెప్పింది. రెక్క నాగళ్ళు, ఇనుప నాగళ్ళు, పచ్చిరొట్టను తొక్కే పళ్ళ చక్రాలు పరిచయమయ్యాయి. తడి నేలలో ఇనుప నాగలి పశువుకు బరువైంది. పచ్చిరొట్ట సలహా మాత్రం నిలిచింది. అప్పటికే అలవాటైన ఖాళీ నెలల క్రమంలో అది సులభంగా ఇమిడింది. పాత క్రమంతో పొత్తు కుదిరినది బతికింది, కుదరనిది మూలపడింది.

6. దాళ్వా, ట్రాక్టరు, కోతయంత్రం:

1960-61లో ఫోర్డు ఫౌండేషన్ సహకారంతో దేశంలో మొదలైన సాంద్ర వ్యవసాయ జిల్లా పథకంలో తొలి ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. రైతులు ప్యాకేజీ ప్రోగ్రాం అని పిలిచిన ఈ పథకం విత్తనం, ఎరువు, రుణం, సలహాలను ఒకే మూటగా అందించింది. ఆ ఏడింటిలో పంజాబులోని లూథియానా కూడా ఉంది. అర్ధశతాబ్ది తరువాత గడ్డిమంటల చర్చలో ఈ రెండు జిల్లాల పేర్లూ వినిపించడం యాదృచ్ఛికం అనిపించదు. దిగుబడిని లెక్కించిన పథకం, దిగుబడితోపాటు పెరిగే గడ్డికి దారి చూపలేదు.

ఆ తరువాత మూడు మార్పులు వరుసగా వచ్చాయి. మొదటిది దాళ్వా విస్తరణ. సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీరు రబీలో గోదావరికి తోడైంది. పాత ఆనకట్ట స్థానంలో కాటన్ బ్యారేజి 1982 నాటికి సిద్ధమైంది. మారుటేరు నుంచి 1982లోనే వచ్చిన స్వర్ణ సార్వాను ఏలింది. దాళ్వాకు బొండాలు, తరువాత ఎం.టి.యు. 1010 వంటి తక్కువ కాలపు రకాలు కుదిరాయి. స్వర్ణ పంటకాలం సుమారు 150 రోజులు కనుక కోత నవంబరు చివరకు, డిసెంబరుకు జరుగుతుంది. కాలువలు ఏప్రిల్‌లో కట్టేలోగా దాళ్వా పండాలంటే జనవరి తొలి, మధ్య భాగాలకల్లా నాట్లు పడాలి. అయిదారు నెలల గడువు మూడు నాలుగు వారాలకు కుదిరింది. పిల్లిపెసరకు చోటు పోయింది. అదను మొదట పోయింది.

రెండోది ట్రాక్టరు. దమ్ము చక్రాలు బిగించిన ట్రాక్టరు, పశువుల అరక రోజుల తరబడి చేసే దమ్మును గంటల్లో ముగించింది. ఇనుప కమ్మీల చక్రం మోడును బురదలోకి తొక్కుతుంది. ఆ లెక్కన అది గిట్టకు వారసురాలు. కానీ ఎద్దులూ దున్నపోతులూ తగ్గడంతో ఇంటి గడ్డి అవసరం తగ్గింది, పేడ తగ్గింది. నేలను తొక్కిన చక్రం నేలకు పేడ ఇవ్వదు. పశువు రెండోసారి పోయింది.

మూడోది కోతయంత్రం. కూలీల కొరత, పెరిగిన కోత ఖర్చు, కోతల వేళ వచ్చే తుపానుల భయం వల్ల గత రెండు దశాబ్దాల్లో టైరు మిషన్లు, బురద చేలకు చైను మిషన్లు డెల్టా అంతటా వ్యాపించాయి. కొడవలి నేలకు దగ్గరగా కోసి గడ్డిని ఇంటికి పంపేది. యంత్రం మోడును అడుగెత్తున వదిలి, గింజ తీసిన గడ్డిని వెనుక వరుసగా పోస్తుంది. ఇంటికి చెందిన గడ్డి, చేనుకు చెందిన మోడు అనే పాత భేదం ఇక్కడ చెరిగిపోయింది. నాగలి ఎన్నడూ ఎదుర్కోని పరిమాణంలో గడ్డి చేలోనే నిలిచింది.

ఇప్పుడు రైతు చేతిలో ఉన్న పాత సాధనాలు ఈ గడ్డి ముందు ఎలా ప్రవర్తిస్తాయో గమనించవచ్చు. ట్రాక్టరు గొర్రు పళ్ళకు వదులు గడ్డి చుట్టుకుంటుంది. గొర్రు దున్నడం మాని గడ్డిని ఈడుస్తుంది. నీళ్ళు పెడితే గడ్డి తేలి గాలివాటున గట్టు పక్కకు చేరుతుంది. అక్కడ పొరలుగా కుళ్ళి నాట్లు చస్తాయి. దమ్ము చక్రం మోడును తొక్కగలదు గానీ తేలే గడ్డిని పట్టలేదు. రోటావేటరు ముక్కలు చేస్తుంది, కానీ అద్దె, డీజిలు అదనం. గడ్డిని కట్టలు కట్టే యంత్రం వచ్చి కొన్నవారు తీసుకెళ్తే సరే, డిసెంబరులో అన్ని చేలకూ అది ఒకేసారి రాలేదు. మూడు వారాల గడువులో మిగిలిన సాధనం అగ్గిపుల్ల. దాని ఖర్చు తక్కువ, దానికి అదనూ పదునూ అక్కర్లేదు.

7. మన్ను లెక్క, కౌలు లెక్క:

మంటలో ఏం పోతుందో లెక్కించవచ్చు. వరి తీసుకున్న పొటాషియంలో 80 నుంచి 85 శాతం, నత్రజనిలో సుమారు 40 శాతం గడ్డిలోనే ఉంటాయి. టన్ను గడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం, 40 నుంచి 70 కిలోల సిలికాన్ ఉంటాయని వరి పోషణ పరిశోధనలు చెబుతున్నాయి. ఎకరాకు 28 బస్తాలు, బస్తా 75 కిలోలు అనుకుంటే గింజ 2,100 కిలోలు. గడ్డి కనీసం అంతే ఉంటుంది. అంటే ఎకరా గడ్డిలో 25 నుంచి 35 కిలోల పొటాషియం ఉన్నట్లు. కాల్చితే నత్రజని దాదాపు అంతా, పొటాషియంలో సుమారు అయిదో వంతు పోతాయి. మిగిలిన బూడిద కుప్పలు పడినచోటే ఉండి చేనంతా సమంగా చేరదు. గడ్డిని చేను దాటించి అమ్మితే పొటాషియం మొత్తం వెళ్ళిపోతుంది. పొటాష్ ఎరువును దేశం దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకుంటున్నది. 2010లో పోషకాధారిత సబ్సిడీ విధానం వచ్చాక దాని ధర బాగా పెరిగింది. పూర్వం ఈ పొటాషియం పశువు కడుపు మీదుగా, పెంటపోగు మీదుగా తిరిగి అదే చేనుకు చేరేది.

ఈ లెక్క తెలిసినా రైతు ఎందుకు కాలుస్తున్నాడన్న ప్రశ్నకు కౌలు దగ్గర జవాబు ఉంది. గోదావరి డెల్టాలో దున్నేవారిలో కౌలుదారులు చాలా ఎక్కువ. కౌలు చాలావరకు నోటిమాట మీద, ఏడాదికి ఏడాదిగా సాగుతుంది. 2019లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే కార్డు గడువు కూడా 11 నెలలే. గడ్డి కలియదున్నిన ఫలితం నేల సేంద్రియ పదార్థంగా, పొటాషియం నిల్వగా కనబడటానికి ఏళ్ళు పడుతుంది. ఖర్చు మాత్రం ఈ డిసెంబరులోనే పడుతుంది. పైగా తొలి ఏడాది నత్రజని పట్టుబడి పైరు పచ్చబారితే నష్టం కౌలుదారుదే. వచ్చే ఏడు ఆ చేను తనదవుతుందో లేదో తెలియని మనిషిని నేల కోసం పెట్టుబడి పెట్టమనడంలోని అన్యాయాన్ని నేల శాస్త్రం ఒక్కటే గుర్తించలేదు. పాత క్రమంలో మోడు, గడ్డి, పశువు, పేడ, చేను ఎక్కువగా ఒకే ఇంటి లెక్కలో ఉండేవి. ఇప్పుడు చేను ఒకరిది, సాగు ఒకరిది, యంత్రం మరొకరిది, గడ్డి కొనేవాడు వేరొకడు.

అయితే పాత వ్యవస్థను స్వర్ణయుగంగా చూడనవసరం లేదు. దమ్ములో రోజంతా మోకాలి లోతు బురదలో నడిచినవారు ఎక్కువగా పాలేర్లు, కూలీలు. కోత కోసి కట్టలు మోసినవారు వారే. కొడవలి నేలకు దగ్గరగా కోయగలిగిందంటే నడుము వంచిన శ్రమ దాని వెనుక ఉంది. ఆ శ్రమకు దక్కిన ప్రతిఫలం స్వల్పం. నేల సారాన్ని నిలిపిన అయిదు నెలల గడువు, వారికి పనిలేని గడువు కూడా. రెండో పంట వారికి పని దినాలను పెంచింది. కనుక "పాత నాగలికి తిరిగి వెళదాం" అనే పిలుపులో ఎవరి శ్రమను తిరిగి కోరుతున్నామో కూడా చెప్పుకోవాలి.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, గోదావరి డెల్టాలో పాత పనిముట్లు పంట అవశేషాన్ని తమంతట తామే నేలలో పూడ్చలేదు. కర్ర నాగలికి ఆ నిర్మాణమే లేదు. అయిదారు నెలల అదను, వరుస మారని పదును, మేసి తొక్కి పేడ వేసిన పశువు కలిసి మోడును మెత్తబరచిన తరువాతే నాగలి, బల్ల మిగిలిన పని చేశాయి. రెండోది, దాళ్వా కాలాన్ని, ట్రాక్టరు పశువును తీసుకున్నాయి. కోతయంత్రం గడ్డిని చేలోనే వదిలింది. ఈ మూడింటి భారమూ పనిముట్టు మీద ఒక్కసారిగా పడింది. మూడోది, ఫలితం ఏళ్ళ తరువాత, ఖర్చు ఇప్పుడే అన్న స్థితిలో ఏడాది కౌలుదారుకు కలియదున్నకం గిట్టుబాటు కాదు.

దీన్నిబట్టి నేటి సలహాలను కూడా వేరుగా చూడవచ్చు. మోళ్ళ మీద ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీరు పెట్టి కలియదున్నితే త్వరగా కుళ్ళుతాయన్న సూచన, కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల ద్రావణాలు పోయిన అదనును కొంత కొనితెచ్చే ప్రయత్నాలు. అవి ఉపయోగకరమే గానీ వాటికీ రెండు వారాలు కావాలి. కాలువ నీటిని జూన్ తొలి వారాల్లోనే విడిచి సార్వాను ముందుకు జరిపితే డిసెంబరులో ఆ రెండు వారాలు దొరుకుతాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు నియమితమైన మోహన్ కందా కమిటీ చర్చల్లో నీటి విడుదల, మురుగు కాలువలు ప్రధానాంశాలయ్యాయి. మోళ్ళ సమస్యకు కూడా అదే తలుపు. దాళ్వా వరి వేయని చేలలో పిల్లిపెసర, మినుములకు ప్రోత్సాహం ఇస్తే పాత క్రమంలోని మేలైన భాగం తిరిగి వస్తుంది. కౌలు గడువు మూడు నాలుగేళ్ళకు పెరిగితే గడ్డి మీద కౌలుదారు లెక్క మారుతుంది.

ఊరిలో మూలపడ్డ కర్ర నాగలిని తీసి చూపితే అది మనకు నేర్పేది తన నైపుణ్యాన్ని కాదు, తన పరిమితిని. దానికి చేతకాని పనిని చేసిపెట్టిన కాలాన్నీ తేమనూ పశువునూ చరిత్రలో చోటిచ్చి చదివినప్పుడే, మోడు కాల్చుతున్న నేటి రైతు చేతిలో ఏం లేదో మనకు అర్థమవుతుంది.